పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పారిభాషిక పదాలు: అర్థపరిణామ చరిత్ర

వ్యాససంగ్రహం

సొనాటా, సింఫనీ, కన్సర్టో, హార్మనీ, కీ వంటి పదాలు సంగీత విద్యార్థులకూ, సాంస్కృతిక చరిత్ర చదివేవారికీ తరచుగా ఎదురవుతాయి. వీటిలో ప్రతి పదానికీ ఒక స్థిరమైన నిర్వచనం చెప్పడం, వీలైనచోట కర్ణాటక సంగీతం నుంచి ఒక సమానార్థకం చూపడం మన బోధనలో అలవాటుగా ఉంది. ఈ పదాలు వేర్వేరు శతాబ్దాల్లో, వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. కాలక్రమంలో అర్థం మార్చుకున్నాయి. వాటిలో కొన్నింటికి మనం నేడు చెప్పే అర్థం 19వ శతాబ్దంలోనే స్థిరపడింది. ఈ పరిణామాన్ని ముఖ్యమైన ఉదాహరణలతో పరిశీలించి, నిర్వచనం కన్నా ముందు చరిత్రను బోధించవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: స్వరలేఖనం, హార్మనీ, కీ, సొనాటా, సింఫనీ, కన్సర్టో, కాడెంజా, మనోధర్మం, నొట్టుస్వరాలు.

1. ఉపోద్ఘాతం

2025 మార్చిలో ఇళయరాజా తన సింఫనీని లండన్‌లో ప్రదర్శించినప్పుడు తెలుగువారి సంభాషణల్లో ఆ పదం విస్తృతంగా వినిపించింది. అయితే దాన్ని అందరూ ఒకే అర్థంలో వాడలేదు. కొందరు పెద్ద వాద్యబృందం అనే అర్థంలో వాడారు. మరికొందరు పాశ్చాత్య పద్ధతిలో సాగే ఏ సంగీతానికైనా వర్తింపజేశారు. దీన్ని కేవలం అవగాహనలోపంగా కొట్టివేయలేం. ఐరోపాలో కూడా ఆ పదం సుమారు రెండు శతాబ్దాల పాటు ఇలాగే అనేక అర్థాల్లో వాడుకలో ఉంది.

పారిభాషిక పదానికి నిర్వచనం ఉండాలనీ, అది కాలంతో మారకూడదనీ మనం సహజంగా ఆశిస్తాం. శాస్త్రగ్రంథాల్లో లక్షణం చెప్పి, లక్ష్యాన్ని చూపే సంప్రదాయం మనకు అలవడినది. పాశ్చాత్య సంగీత పరిభాషలో అధికభాగం ఇలా ఏర్పడలేదు. గాయకులు, వాద్యకారులు, ముద్రాపకులు తమ పని కోసం వాడుకున్న ఇటాలియన్, లాటిన్ మాటలు క్రమంగా పారిభాషిక పదాలయ్యాయి. లక్షణం చాలా సందర్భాల్లో లక్ష్యం పుట్టిన తరువాత వచ్చింది. ఈ క్రమాన్ని విస్మరిస్తే, ఒక శతాబ్దపు నిర్వచనంతో మరో శతాబ్దపు రచనను కొలిచే పొరపాటు జరుగుతుంది.

2. 'క్లాసికల్', 'శాస్త్రీయ'

ముందుగా 'పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం' అన్న పేరునే పరిశీలించాలి. 'శాస్త్రీయ' అన్న విశేషణం శాస్త్రానికి బద్ధమైనదన్న అర్థాన్నిస్తుంది. 'క్లాసికల్' అన్న మాటకు మూలం లాటిన్‌లోని 'క్లాసికస్'. అది రోమన్ సమాజంలో అగ్రశ్రేణి పౌరులకు వర్తించిన పదం. తరువాత ఉత్తమ రచయితలకు, ఆదర్శప్రాయమైన రచనలకు వర్తించింది. అంటే మన పదం నియమాన్ని సూచిస్తే, వారి పదం శ్రేణిని సూచిస్తుంది. ఒకదానికి మరొకటి అనువాదంగా స్థిరపడినా రెండింటి కొలమానాలు వేరు.

ఈ పదానికి రెండు పరిధులు ఉన్నాయి. విస్తృతార్థంలో చర్చి గానం నుంచి నేటి రచనల వరకు సాగిన లిఖిత సంప్రదాయమంతా 'క్లాసికల్'. పరిమితార్థంలో సుమారు 1750 నుంచి 1820 వరకు గల కాలం, ప్రధానంగా హైడన్, మొజార్ట్, బీథోవెన్‌ల యుగం. ఈ విభజన వారి సమకాలికులది కాదు. జర్మన్ రచయిత ఇ.టి.ఎ. హాఫ్‌మన్ 1810లో బీథోవెన్ అయిదో సింఫనీపై రాసిన ప్రసిద్ధ సమీక్షలో ఈ ముగ్గురినీ 'రొమాంటిక్' స్వరకర్తలుగానే పరిగణించాడు. 'బరోక్' అన్న మాట కూడా మొదట నిందావాచకం. వంకర ముత్యాన్ని సూచించే పోర్చుగీసు పదంతో దాన్ని ముడిపెడతారు. బాఖ్, వివాల్డి తమను తాము బరోక్ స్వరకర్తలని ఎన్నడూ అనుకోలేదు. యుగనామాలు చరిత్రకారులు తమ సౌలభ్యం కోసం తరువాత పెట్టుకున్నవని విద్యార్థికి మొదటే చెప్పడం అవసరం.

3. స్వరలేఖనం: క్రమంగా విస్తరించిన అధికారం

ఈ సంప్రదాయంలోని పదాలను అర్థం చేసుకోవడానికి స్వరలేఖన చరిత్ర మూలాధారం. 11వ శతాబ్ది పూర్వార్ధంలో ఇటలీకి చెందిన మఠవాసి గైడో, చర్చి గాయకులకు తాము ఎన్నడూ వినని గీతాన్ని చూసి పాడడం నేర్పే మార్గాన్ని వెదికాడు. స్వరస్థానాలను గీతలపైన, గీతల మధ్యన గుర్తించే పద్ధతిని స్థిరపరిచాడు. పవిత్ర యోహానును స్తుతించే ఒక లాటిన్ గీతంలో పాదపాదానికి ఆరంభస్వరం ఒక్కొక్క మెట్టు పైకి వెళ్తుంది. ఆ పాదాల తొలి అక్షరాలను తీసుకుని ఉత్, రే, మి, ఫా, సోల్, లా అన్న స్వరనామాలు ఏర్పరిచాడు. తరువాతి కాలంలో ఉత్ స్థానంలో 'డో' వచ్చింది, ఏడో స్వరంగా 'సి' చేరింది.

మన సరిగమలు షడ్జ, రిషభాది స్వరనామాలకు సంక్షిప్తాలు. షడ్జం గాయకుని శ్రుతిని బట్టి ఎక్కడైనా ఉండవచ్చు. ఫ్రాన్స్, ఇటలీలలో 'డో' ఒక నిర్దిష్ట నాదానికి పేరుగా స్థిరపడింది. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో సారా గ్లోవర్, జాన్ కర్వెన్ ప్రచారం చేసిన టానిక్ సోల్ఫా పద్ధతిలో మాత్రం అది మన షడ్జంలాగే కదులుతుంది. కనుక 'డో అంటే స' అని చెప్పే ముందు ఏ దేశపు 'డో' అని అడగాలి.

గైడో పద్ధతి స్వరస్థానాన్ని పట్టుకుంది, కాలప్రమాణాన్ని పట్టుకోలేదు. 13వ శతాబ్ది ద్వితీయార్ధంలో కొలోన్ నగరానికి చెందిన ఫ్రాంకో, స్వరచిహ్నపు ఆకారాన్ని బట్టి దాని వ్యవధిని నిర్ణయించే సిద్ధాంతాన్ని వివరించాడు. 1501లో వెనిస్‌లో పెట్రుచ్చి బహుగాత్ర సంగీతాన్ని అచ్చువేయడంతో లిఖితరచన దూరప్రాంతాలకు చేరే మార్గం ఏర్పడింది. 1597లో జియోవన్నీ గాబ్రియేలీ ప్రచురించిన ఒక సొనాటాలో మెల్లగా, బిగ్గరగా అన్న సూచనలు, ఏ భాగాన్ని ఏ వాద్యం వాయించాలన్న నిర్దేశం కనిపిస్తాయి. నాదబలాన్ని కాగితం మీద సూచించిన తొలి ముద్రిత ఉదాహరణల్లో ఇది ఒకటి. 1815లో మేల్జెల్ మెట్రోనోమ్‌కు పేటెంటు పొందాక గతిని కూడా అంకెల్లో చెప్పడం సాధ్యమైంది. రెండేళ్లకే బీథోవెన్ తన సింఫనీలకు మెట్రోనోమ్ అంకెలు ప్రకటించాడు.

స్థానం, వ్యవధి, బలం, వేగం అనే ఈ నాలుగింటిలో ఒక్కొక్కటి కాగితం మీదికి చేరిన కొద్దీ, అంతవరకు గాయక వాద్యకారుల వివేచనకు లోబడిన ఒక్కొక్క అంశం స్వరకర్త అధీనంలోకి వెళ్లింది. కింది విభాగాల్లో పరిశీలించే పదాల అర్థపరిణామం చాలావరకు ఈ మార్పుతో ముడిపడి ఉంది.

వేగసూచకాలను ఇందుకు చిన్న ఉదాహరణగా చెప్పవచ్చు. ఇటాలియన్‌లో అల్లెగ్రో అంటే ఉల్లాసంగా, అందాంతే అంటే నడుస్తూ, లార్గో అంటే విశాలంగా. ఇవి మొదట భావాన్నో నడకతీరునో తెలిపే మాటలు. విద్యార్థులు నేడు వాటిని వేగాల పట్టికగా కంఠస్థం చేస్తున్నారు. 18వ శతాబ్దపు రచనలో అల్లెగ్రోను కేవలం 'వేగంగా' అని అనువదిస్తే, అందులోని రసభావం లోపిస్తుంది.

4. కౌంటర్‌పాయింట్, హార్మనీ

ఒకేసారి వేర్వేరు స్వరపంక్తులు వినిపించే పద్ధతికి పాలిఫొనీ అని పేరు. 12వ శతాబ్ది చివర, 13వ శతాబ్ది మొదట పారిస్‌లోని నోత్ర్‌దామ్ చర్చితో ముడిపడిన లియోనిన్, పెరోటిన్‌ల రచనల్లో ఇది గొప్ప పరిణతి పొందింది. స్వరబిందువుకు ఎదురుగా మరో స్వరబిందువును నిలపడం అన్న లాటిన్ మాట నుంచి 'కౌంటర్‌పాయింట్' పుట్టింది. ఇందులో ప్రతి పంక్తికీ స్వతంత్రగమనం ఉంటుంది. హార్మనీలో దృష్టి ఒకే క్షణంలో కలిసి మోగే స్వరాల మేళనంపై ఉంటుంది. మొదటిది అడ్డంగా చదివే దృష్టి, రెండోది నిలువుగా చదివే దృష్టి. ఒకే రచనను రెండు విధాలుగానూ పరిశీలించవచ్చు.

చరిత్రలో అడ్డుదృష్టే ముందుది. మూడేసి స్వరాల మేళనాన్ని సంగీతానికి మూలఘటకంగా, ఒక మూలస్వరంపై నిలిచిన ఏకకంగా సిద్ధాంతీకరించిన గ్రంథం రామో 1722లో పారిస్‌లో ప్రచురించిన హార్మనీ గ్రంథం. మూడేళ్ల తరువాత 1725లో ఫుక్స్ కౌంటర్‌పాయింట్ పాఠ్యగ్రంథాన్ని వెలువరించాడు. అందులో అతడు ఆదర్శంగా నిలిపినది 16వ శతాబ్దపు పాలెస్ట్రీనా. అంటే ఒకే దశాబ్దంలో ఒక గ్రంథం రాబోయే కాలానికి, మరొకటి గడచిన కాలానికి లక్షణం చెప్పాయి.

హార్మనీని మన 'సంవాదం'తో పోల్చడం పరిపాటి. నాట్యశాస్త్రం తొమ్మిది లేదా పదమూడు శ్రుతుల అంతరంలో ఉన్న స్వరాలను పరస్పర సంవాదులన్నది. ఇవి పాశ్చాత్యుల నాలుగో, అయిదో స్వరాంతరాలకు సన్నిహితమైనవి. శ్రవణానుభవపు పునాది ఒక్కటే. కానీ మన సంవాదం రాగసంచారంలో స్వరాల మధ్య సంబంధం, వారి హార్మనీ ఏకకాలంలో ధ్వనించే స్వరాల సంబంధం. పైగా ఐరోపాలో కూడా ఏది ఇంపైన మేళనం అన్నది కాలంతో మారింది. మధ్యయుగ సిద్ధాంతకర్తలు పూర్ణమేళనంగా అంగీకరించని మూడో స్వరాంతరమే తరువాత హార్మనీకి ప్రాణమైంది.

5. స్కేల్, కీ: 24, 72

'స్కేల్ అంటే రాగం' అన్నది తరగతి గదుల్లో ఎక్కువగా వినిపించే సమీకరణం. స్కేల్ అంటే స్వరాల ఆరోహణ క్రమం మాత్రమే. మేళంతో దానికి కొంత పోలిక ఉంది. రాగానికి అవసరమైన సంచారం, గమకం, జీవస్వరం స్కేల్‌లో లేవు. 'కీ' మరింత భిన్నమైన భావన. ఒక ఆధారస్వరం, దాన్ని ఆశ్రయించిన మేజర్ లేదా మైనర్ స్వభావం, దాని చుట్టూ అల్లుకున్న మేళనాల బంధుత్వం కలిస్తే కీ అవుతుంది.

రామో గ్రంథం వెలువడిన 1722లోనే బాఖ్ 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి భాగాన్ని పూర్తిచేశాడు. స్థాయిలోని 12 స్వరస్థానాల్లో ఒక్కొక్కదానిపై ఒక మేజర్, ఒక మైనర్ చొప్పున మొత్తం 24 కీలలో ప్రెల్యూడ్, ఫ్యూగ్ జంటలను అందులో కూర్చాడు. అన్ని కీలలోనూ వాయించగలిగేలా శ్రుతిచేసిన వాద్యం అన్నదే శీర్షికకు అర్థం. 12 అంతరాలూ ఖచ్చితంగా సమానంగా ఉండాలని ఆ శీర్షిక చెప్పదు.

17వ శతాబ్దంలో వేంకటమఖి 'చతుర్దండి ప్రకాశిక'లో 72 మేళాలను ప్రస్తరించాడు. అక్కడా స్థాయిలో ఉన్నవి 12 స్వరస్థానాలే. షడ్జ పంచమాలు స్థిరం. రిషభ గాంధారాలకు 6 జతలు, ధైవత నిషాదాలకు 6 జతలు, మధ్యమాలు 2. ఆరును ఆరుతో, ఆ ఫలితాన్ని రెండుతో గుణిస్తే 72.

ఒకే ముడిపదార్థంతో రెండు సంప్రదాయాలు రెండు దారులు పట్టాయి. బాఖ్ గ్రంథంలో స్వభావాలు రెండే, వాటికి ఆధారాలు 12. వేంకటమఖి పద్ధతిలో ఆధారం ఒక్కటే, దానిపై నిలిచే స్వరక్రమాలు 72. 'మాడ్యులేషన్' అన్న పదం ఇక్కడే బోధపడుతుంది. రచన మధ్యలో ఆధారస్వరమే ఒక చోటి నుంచి మరో చోటికి మారడం మాడ్యులేషన్. మన రాగమాలికలో రాగాలు మారుతాయి, షడ్జం కదలదు. పాశ్చాత్య శ్రోతకు ఇల్లు విడిచి తిరిగి చేరుకోవడంలో కలిగే తృప్తి, మన శ్రోతకు కదలని శ్రుతిపై రంగులు మారడంలో కలుగుతుంది. రెండింటికీ ఒకే పదం వాడితే ఈ భేదం మరుగునపడుతుంది.

6. సొనాటా, సింఫనీ, కన్సర్టో

సొనాటా అంటే 'మోగించినది', కాంటాటా అంటే 'పాడినది'. 16వ శతాబ్దం చివర ఈ పదానికి ఇంతకుమించి అర్థం లేదు. కొరెల్లి కాలానికి అది కొన్ని వాద్యాల కోసం అనేక భాగాలుగా కూర్చిన రచన అయింది. చర్చికి తగినవి, కొలువుకు తగినవి అని రెండు తరగతులుగా విభజన పొందింది. డొమెనికో స్కార్లాటీ రచించిన 555 సొనాటాల్లో అత్యధికం ఒకే భాగంతో ముగుస్తాయి. బీథోవెన్ 32 పియానో సొనాటాల్లో రెండు భాగాలవీ ఉన్నాయి, నాలుగు భాగాలవీ ఉన్నాయి.

'సొనాటా రూపం' అన్నది మరింత జాగ్రత్తగా వాడవలసిన పదం. ఇది మొత్తం సొనాటాకు సంబంధించినది కాదు. సాధారణంగా మొదటి భాగపు అంతర్నిర్మాణాన్ని తెలుపుతుంది. రెండు కీలలో ఇతివృత్తాల ప్రస్తావన, వాటి విస్తరణ, చివరికి అన్నీ మూల కీలో పునరాగమనం అన్న మూడంచెల వివరణను పాఠ్యపుస్తకాలు నియమంగా చెబుతాయి. ఆ పేరును, వివరణను ప్రచారంలోకి తెచ్చిన వారిలో ముఖ్యుడైన జర్మన్ సిద్ధాంతకర్త ఎ.బి. మార్క్స్ 1840లలో దాన్ని విపులీకరించాడు. అప్పటికి మొజార్ట్ (మరణం 1791), హైడన్ (మరణం 1809), బీథోవెన్ (మరణం 1827) ముగ్గురూ లేరు. రెండో కీలో కొత్త ఇతివృత్తం రావాలన్న నియమాన్ని హైడన్ అనేక రచనలు పాటించవు. అవి మొదటి ఇతివృత్తాన్నే కొత్త కీలో తిరిగి వినిపిస్తాయి. దీన్ని నియమభంగం అనడం చారిత్రక దోషం. ఆ నియమం ఆయన రచనల తరువాత పుట్టింది.

సింఫనీకి గ్రీకుమూలం 'కలిసి ధ్వనించడం'. 1597లో గాబ్రియేలీ ఆ పేరుతో వెలువరించిన సంపుటిలో గాత్రరచనలు కూడా ఉన్నాయి. బాఖ్ ఏకైక వాద్యకారుని కోసం రాసిన మూడు పంక్తుల అభ్యాసరచనలను సిన్ఫోనియాలన్నాడు. ఇటాలియన్ ఆపెరాల్లో తెర లేవడానికి ముందు వాయించే వేగ, విలంబ, వేగ క్రమపు వాద్యభాగం కూడా సిన్ఫోనియాయే. ఈ వాద్యభాగం నాటకశాల నుంచి విడివడి స్వతంత్ర రచనగా ఎదిగింది. హైడన్ పేరిట సంఖ్యాక్రమంలో ఉన్న 104 సింఫనీల కాలంలో నాలుగు భాగాల నిర్మాణం సామాన్యమైంది. 1824లో బీథోవెన్ తొమ్మిదో సింఫనీలో గాత్రాన్ని తిరిగి ప్రవేశపెట్టాడు. పదపు పూర్వచరిత్ర తెలిసినవారికి ఆ సాహసంలో ఒక పాత అర్థపు ఛాయ కూడా కనిపిస్తుంది. ఇక్కడ 'భాగం' అన్న మాట గురించి ఒక సూచన: మూవ్‌మెంట్‌ను చరణంతో పోల్చరాదు. చరణం తరువాత పల్లవి తిరిగి వస్తుంది. మూవ్‌మెంట్ తనంత తాను ముగుస్తుంది.

కన్సర్టో కథ కూడా ఇటువంటిదే. 1587లో వెనిస్‌లో వెలువడిన గాబ్రియేలీల సంపుటిలో ఆ మాట గాత్రవాద్యాల కలయికను సూచించింది. బాఖ్ తన చర్చి కాంటాటాలు కొన్నింటికి కన్సర్టో అని శీర్షిక పెట్టాడు. 1725లో అచ్చయిన వివాల్డి 'నాలుగు ఋతువులు' నాటికి ఏక వాద్యకారునికీ, బృందానికీ మధ్య సంవాదం దాని ప్రధాన లక్షణమైంది.

7. కాడెంజా: మనోధర్మపు జాడ

పాశ్చాత్య సంగీతంలో మనోధర్మానికి తావులేదన్న అభిప్రాయం మన విమర్శలో బలంగా ఉంది. నేటి కచేరీని చూసి చెప్పినప్పుడు అది చాలావరకు నిజం. చరిత్రకు మాత్రం వర్తించదు. 17, 18 శతాబ్దాల్లో కీబోర్డు వాద్యకారుడు కింది స్వరాన్ని, దానిపై ఉన్న అంకెలను మాత్రమే చూసి మేళనాలను అప్పటికప్పుడు పూరించేవాడు. గాయకులు పునరావృత్తిలో అలంకారాలు చేర్చేవారు. 1747లో పోట్స్‌డామ్ కొలువులో రాజు ఫ్రెడెరిక్ ఇచ్చిన ఇతివృత్తంపై బాఖ్ ఆశువుగా ఫ్యూగ్ వాయించాడు. 'మ్యూజికల్ ఆఫరింగ్' ఆ సందర్భం నుంచి పుట్టిన రచన. మొజార్ట్, బీథోవెన్ ఇద్దరూ ఆశువాదనలో ప్రఖ్యాతులు.

కన్సర్టోలో బృందం ఆగి, వాద్యకారుడు ఒంటరిగా తన ప్రజ్ఞను చూపే ఘట్టం కాడెంజా. ఇది మొదట వాద్యకారుని సొంతం. 1809లో రచించిన అయిదో పియానో కన్సర్టోలో బీథోవెన్ ఆ చోట సొంత కాడెంజా వాయించవద్దనీ, తాను రాసినదాన్నే కొనసాగించాలనీ నిర్దేశించాడు. మూడో విభాగంలో చెప్పిన లిఖిత అధికారం ఇక్కడ పరాకాష్ఠకు చేరింది. కాడెంజా అన్న పదం నిలిచింది, దాని అర్థం తలకిందులైంది. ఆశువుగా వాయించవలసినది లిఖితపాఠమైంది. అందువల్ల మనోధర్మం లేకపోవడాన్ని ఆ సంగీత స్వభావంగా కాక ఒక చారిత్రక పరిణామంగా బోధించాలి.

8. నొట్టుస్వరాలు: రెండు పరిభాషల కూడలి

ఈ పరిభాష మన సంప్రదాయాన్ని తాకిన తొలి సందర్భాల్లో నొట్టుస్వరాలు ముఖ్యమైనవి. ముత్తుస్వామి దీక్షితులు (మరణం 1835) ఐరోపా బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చారు. ముప్పైకి పైగా ఇటువంటి రచనలు నేడు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో 'సంతతం పాహి మాం' బ్రిటిష్ జాతీయగీతపు బాణీని అనుసరిస్తుంది. ఇంగ్లీషు 'నోట్' నుంచే నొట్టు అన్న మాట వచ్చింది. ఇవన్నీ మేజర్ స్కేల్‌కు సమానమైన శంకరాభరణ మేళస్వరాలతో నడుస్తాయి. అయినా శంకరాభరణ కృతి విన్న చెవికి ఇవి వేరుగా వినిపిస్తాయి. స్వరాలు అవే, గమకం లేదు. స్కేల్ రాగం కాదన్న సూత్రాన్ని విద్యార్థికి ఇంతకన్నా తేలికగా బోధించే ఉదాహరణ లేదు.

తరువాతి ఘట్టం స్వరలేఖనానిది. ఎ.ఎం. చిన్నస్వామి మొదలియారు 1893లో మద్రాసు నుంచి వెలువరించిన గ్రంథంలో కర్ణాటక రచనలను ఐరోపా స్వరలేఖనంలో నిక్షిప్తం చేసే ప్రయత్నం చేశారు. ఆయన ప్రోత్సాహం పొందిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని తెలుగులో ప్రకటించారు. అందులో సరిగమల అక్షరాలే నిలిచాయి, వాటికి గమకాలను తెలిపే ప్రత్యేక చిహ్నాలు చేరాయి. రెండు స్వరాల మధ్య జరిగే కదలికను సూచించే పని అయిదు గీతల పద్ధతికి ప్రధానం కాదు. మన సంగీతానికి అదే ప్రధానం. తెలుగు అక్షరాల్లో అచ్చయిన ఆ గ్రంథం, పరాయి పరిభాష నుంచి ఏది తీసుకోవాలి, దేన్ని తామే కల్పించుకోవాలి అన్న ప్రశ్నకు ఆచరణలో చూపిన సమాధానం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, పాశ్చాత్య సంగీత పదాన్ని వివరించేటప్పుడు దాన్ని ఏ కాలపు రచనకు వర్తింపజేస్తున్నామో తప్పక చెప్పాలి. 1597 నాటి సొనాటా, 1800 నాటి సొనాటా పేరును మాత్రమే పంచుకుంటాయి. రెండోది, 19వ శతాబ్దంలో ఏర్పడిన సిద్ధాంతాన్ని అంతకు ముందటి స్వరకర్తలు పాటించిన శాసనంగా బోధించరాదు. మూడోది, కర్ణాటక సంగీతంతో పోలికను సమానార్థకం చూపడానికి కాక భేదాన్ని గుర్తించడానికి వాడాలి. మాడ్యులేషన్ పక్కన రాగమాలికను, కాడెంజా పక్కన మనోధర్మాన్ని నిలిపినప్పుడు రెండు వైపులా అవగాహన పెరుగుతుంది.

తెలుగులో ఈ పరిభాషకు నిఘంటువు తయారుచేసేవారు ప్రతి పదానికీ ఒక్క అర్థంతో సరిపెట్టక, శతాబ్దాల వారీగా అర్థాలను నమోదు చేస్తే అధ్యాపకులకు, పరిశోధకులకు ఎంతో ఉపకరిస్తుంది. మన సంగీతంలో పదం, కృతి, వర్ణం వంటి మాటల అర్థపరిణామాన్ని కూడా ఇదే దృష్టితో పరిశీలించడానికి అటువంటి కృషి దారి చూపుతుంది.